సాగరతీరానికొక కాల్‌షీటు

హైదరాబాదు సముద్రతీర నగరం కాదు. అయినప్పటికీ జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలకు సముద్రంతో అనుబంధం లేకపోలేదు. కె. బాలచందర్ దర్శకత్వంలో 1978లో వెలువడిన ‘మరో చరిత్ర’ విశాఖ, భీమిలి తీరాలను తెలుగు ప్రేక్షకుల హృదయాలలో నిలిపింది. నాటి నుండి ఎన్ని చిత్రబృందాలు ఆ ఇసుకతిన్నెలపై కెమెరాలు నిలిపాయో లెక్కలేదు. మరొక అనుబంధం కూడా ఉంది. అది అంత రమణీయమైనది కాదు. ఈ కొండవాలులపై కురిసిన వానలో కొంత నాలాల గుండా హుస్సేన్‌సాగరుకు, అక్కడి మిగులు నీరు మూసీకి చేరుతుంది. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి వద్ద సముద్రంలో సంగమిస్తుంది. వీధిలో పారవేసిన ప్లాస్టిక్ సీసా దారిలో ఏ ఆనకట్ట వద్దనో చిక్కుకోవచ్చు. చిక్కనిది కడలికే చేరుతుంది.

ఇట్లు తీరం చేరిన వ్యర్థాలను ఏరివేసే బాధ్యతను పలుదేశాలలో స్వచ్ఛంద సేవకులు తలకెత్తుకున్నారు. 1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో సుమారు 2,800 మంది చెత్తను ఏరడమే గాక, ఏ వస్తువు ఎన్ని దొరికాయో పత్రాలపై నమోదు చేశారు. అంతర్జాతీయ తీరశుద్ధి కార్యక్రమానికి అదే బీజం. మన విశాఖలో 2022 ఆగస్టు 26న ఇరవై వేల మందికి పైగా పాల్గొని 76 టన్నుల ప్లాస్టిక్ వ్యర్థాలను తొలగించారు. అంతటి జనసమీకరణ ప్రభుత్వ యంత్రాంగం పూనుకొనగా జరిగింది. ప్రతి ఆదివారం ఇరవై మందిని ఒకచోట చేర్చడం వేరొక విద్య. నిజానికి అదే కఠినతరం.

ఆ విద్య ఫిలింనగరుకు కొత్త కాదు. ఎవరు, ఎక్కడికి, ఏ వేళకు, ఏ సామగ్రితో రావాలో తెలిపే కాల్‌షీటు లేనిదే చిత్రీకరణ సాగదు. ఇరవై నాలుగు శాఖల పనివారిని సూర్యోదయానికి ముందే ఒకచోట నిలుపగలగడం ప్రొడక్షన్ మేనేజరు ప్రజ్ఞ. అయితే అక్కడ పారితోషికం ఉంది. సేవకునికి ఉన్నది ఉత్సాహం మాత్రమే. ఒకమారు వచ్చినప్పుడు చేతితొడుగులు, గోనెసంచులు కనబడకపోతే మరుసటి వారం అతడు రాడు. తీరశుద్ధికై రూపొందించే వెబ్ యాప్ ఈ ప్రొడక్షన్ మేనేజరు స్థానాన్ని భర్తీ చేయాలి.

దాని నిర్మాణం చూడడానికి సులువే: సేవకులు, స్థలాలు, కార్యక్రమాలు, సేకరించిన వస్తువులు అనే నాలుగు పట్టికలు గల డేటాబేస్. చిక్కంతా వివరాలలో ఉంది. మిగిలిన ఒక్క స్థానానికి ఇద్దరు ఒకే క్షణంలో పేరిస్తే ఒకరినే స్వీకరించాలి. సేవకుల ఫోన్ నంబర్లు నిర్వాహకునికి తప్ప అన్యులకు కనిపించరాదు. తీరంలో సిగ్నల్ అందని చోటు తగిలితే, నమోదు చేసిన లెక్క బ్రౌజరులోనే నిలిచి, సిగ్నల్ అందగానే సర్వరుకు చేరాలి. నగరపాలక సంస్థ వాహనం వచ్చే సమయం ముందే ఖరారు కావాలి. లేకున్న, నింపిన సంచులను కుక్కలు చింపగా చెత్త మరల ఇసుక పాలవుతుంది. ‘నైలాను వల ముక్క’ వంటి పేర్లు తెలుగులోనే ఉండడం మేలు. తీరాన్ని అందరికంటె ఎక్కువ ఎరిగిన మత్స్యకారుడు కూడా అప్పుడు లెక్క రాయగలడు.

కాలనిర్ణయంలో మనిషి వీలు కంటె సముద్రుని వీలే ప్రధానం. పోటు సమయంలో ఏరవలసిన ఇసుక నీటి అడుగున ఉంటుంది. విచిత్రమేమంటే, అలల స్థితిని ముందుగా తెలిపే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, 1999 నుండి సముద్రం లేని ఈ హైదరాబాదులోనే పనిచేస్తున్నది. ఆ హెచ్చరికలు యాప్‌లో కనిపిస్తే కెరటాలు ఉద్ధృతమయ్యే రోజున కార్యక్రమాన్ని వాయిదా వేయవచ్చు. జనవరి నుండి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. ఆ చోట్లను గుర్తించి, అక్కడ ఇసుకను గోకరాదని యాప్ ముందే తెలపాలి.

ఏడాది తిరిగేసరికి వస్తువుల పట్టిక మాట్లాడడం మొదలుపెడుతుంది. ఒకచోట వల ముక్కలు అధికమైతే, పాత వలలను తిరిగి తీసుకునే ఏర్పాటు గురించి రేవులో మాట్లాడాలి. మరొకచోట శీతలపానీయాల సీసాలే దొరికితే, సందర్శకులు కూర్చునే మెట్ల వద్ద చెత్తకుండీ అవసరం. వానలు పడిన మరునాడు నాలా ముఖద్వారం వద్ద కవర్లు కుప్పపడితే, కదలవలసినది తీరంలో కాదు, ఆ నాలా పుట్టిన ఎగువ వీధులలో.