హైస్కూల్లో పోలీసు శిక్షణ: ఏది ఉంది, ఏది లేదు

నారాయణఖేడ్ డివిజన్‌లో తొమ్మిదో తరగతి పిల్లల్ని ఏమవుతారని అడిగితే డాక్టరు, ఇంజినీరు పక్కనే కానిస్టేబుల్, ఎస్సై అనే జవాబులూ వినిపిస్తాయి. ఖేడ్, కంగ్టి, సిర్గాపూర్, నాగల్‌గిద్ద తండాల్లో అయితే ఇంకాస్త గట్టిగా వినిపిస్తాయి. కోరిక మంచిదే. దానికి బడిలో దొరికే శిక్షణ ఏమిటన్న దగ్గరే గందరగోళమంతా. స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ (ఎస్‌పీసీ), ఎన్‌సీసీ, వృత్తివిద్యలోని సెక్యూరిటీ సబ్జెక్టు, సైనిక్ గురుకులాలు, పోలీస్ స్కూల్ అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. పోటీ పరీక్షల ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకూ ఈ గందరగోళమే కావాలి.

అసలు విషయం ముందే చెప్పుకుందాం. వీటిలో ఏదీ పోలీసు ఉద్యోగం ఇవ్వదు. కానిస్టేబుల్ శిక్షణ రాతపరీక్ష, శారీరక పరీక్షలు (ఈవెంట్లు) దాటి ఎంపికయ్యాకే మొదలవుతుంది. బడి వయసులో చేతికొచ్చేవి వేరే ఉన్నాయి: కొన్ని కాగితాలు, కొంత దమ్ము, చట్టం గురించి కాస్త ఇంగితం.

రాజ్యాంగంలో ఎక్కడ?

ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో శాంతిభద్రతలు 1వ అంశం, పోలీసు 2వ అంశం. విద్య మాత్రం 1976 నాటి 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వచ్చింది, అక్కడ 25వ అంశం. బడిలో పోలీసు కార్యక్రమం పెట్టాలంటే ఈ రెండూ కలవాలి. అందుకే జాతీయ స్థాయి ఎస్‌పీసీకి రూపం, నిధులు కేంద్రానివి, అమలు రాష్ట్రాలది. వృత్తివిద్య సంగతికొస్తే 2013 డిసెంబరులో నోటిఫై అయిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం, 2018లో మొదలైన సమగ్ర శిక్ష, 2020 జాతీయ విద్యా విధానం, ఈ మూడూ గుర్తుంటే చాలు.

స్టూడెంట్ పోలీస్ క్యాడెట్

ఇది కేరళలో పుట్టింది. 2010 ఆగస్టు 2న అచ్యుతానందన్ ముఖ్యమంత్రిగా ఉండగా 127 పాఠశాలల్లో మొదలైంది. ఆలోచన ఐపీఎస్ అధికారి పి.విజయన్‌ది. ఒక్కో బడిలో 44 మంది క్యాడెట్లు, వారిలో సగం మంది అమ్మాయిలు. యూనిఫాం, పరేడ్, పీటీ, స్టేషన్ సందర్శన, శిబిరాలు అన్నీ ఉంటాయి. బడిలోని ఉపాధ్యాయులే కమ్యూనిటీ పోలీస్ ఆఫీసర్ల బాధ్యత తీసుకుంటారు. స్థానిక స్టేషన్ నుంచి డ్రిల్ నేర్పేవారు వస్తారు.

ఈ నమూనాను కేంద్రం 2018 జులై 21న గురుగ్రామ్‌లో జాతీయ స్థాయిలో ప్రారంభించింది. అప్పటి హోంమంత్రి రాజ్‌నాథ్ సింగ్, మానవ వనరుల మంత్రి ప్రకాశ్ జావడేకర్ హాజరయ్యారు. దృష్టి 8, 9 తరగతుల మీద. పాఠ్యపుస్తకం లేదు, పరీక్ష లేదు, నెలకు ఒక్క క్లాసు. రాష్ట్రాలకు రూ.67 కోట్లు విడుదల చేశారు. బోధన సామగ్రి, శిక్షణ, ఇతర ఖర్చులకు ఒక్కో బడికి రూ.50 వేలు.

పాఠ్యాంశాలు రెండు భాగాలు. మొదటిది నేర నివారణ, నియంత్రణ. కమ్యూనిటీ పోలీసింగ్, రోడ్డు భద్రత, సాంఘిక దురాచారాలపై పోరు, మహిళలు, పిల్లల రక్షణ, అవినీతి వ్యతిరేకత, విపత్తు నిర్వహణ ఇందులోకి వస్తాయి. రెండోది విలువలు, నైతికత. పెద్దల పట్ల గౌరవం, సానుభూతి, సహనం, జట్టుగా పనిచేయడం, క్రమశిక్షణ వంటివి.

కేరళలో వారం వారం మైదానంలో సాగేది జాతీయ నమూనాలో నెలకో క్లాసుగా మారింది. పిల్లల మీద భారం పడకూడదన్న ఉద్దేశం సరైనదే కానీ, నెలకు ఒక్క క్లాసుతో అలవాట్లు మారతాయనుకోవడం కాస్త అత్యాశే. అయినా ఎస్‌పీసీని తీసిపారేయడానికి లేదు. తెలంగాణ కానిస్టేబుల్ తుది రాతపరీక్ష సిలబస్‌లో నైతికత, మహిళలు, బలహీన వర్గాల పట్ల సున్నితత్వం, సామాజిక అవగాహన, భావోద్వేగ ప్రజ్ఞ పేరుతో ఒక భాగం ఉంది. కోచింగ్ సెంటర్లు చివరి వారంలో హడావుడిగా ముగించే భాగం ఇదే. ఎస్‌పీసీ రెండో భాగం, ఇదీ దాదాపు ఒకే నేల మీద నడుస్తాయి. స్టేషన్‌కు ఒకసారి వెళ్లి రైటర్ ఫిర్యాదు ఎలా రాసుకుంటాడో, భయపడుతూ వచ్చిన మనిషితో ఎలా మాట్లాడుతున్నారో చూసిన పిల్లవాడికి ఆ ప్రశ్నలు బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఎస్‌పీసీ అన్ని బడుల్లో లేదు. మీ బడి జాబితాలో ఉందో లేదో హెడ్మాస్టరును అడగాలి.

ఎన్‌సీసీ 'ఏ' సర్టిఫికెట్ విలువెంత?

1948 నాటి చట్టంతో ఏర్పడిన ఎన్‌సీసీ నినాదం 'ఏక్తా ఔర్ అనుశాసన్', అంటే ఐక్యత, క్రమశిక్షణ. ఏటా నవంబరు నాలుగో ఆదివారం ఎన్‌సీసీ దినోత్సవం. హైస్కూల్ అబ్బాయిలది జూనియర్ డివిజన్, అమ్మాయిలది జూనియర్ వింగ్. రెండేళ్లు చేసి, 75 శాతం హాజరుతో ఒక శిబిరానికి వెళ్లినవారు 'ఏ' సర్టిఫికెట్ పరీక్ష రాస్తారు.

బడి వయసులో దొరికే కాగితాల్లో నియామకంలో నేరుగా మార్కులు తెచ్చేది ఇదొక్కటే. కేంద్ర సాయుధ బలగాల కోసం స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే జీడీ కానిస్టేబుల్ పరీక్షలో గరిష్ఠ మార్కుల మీద 'ఏ'కు 2 శాతం, 'బీ'కి 3 శాతం, 'సీ'కి 5 శాతం బోనస్ కలుస్తుంది. ఒక మార్కుతో పోయిందని ఏడ్చేవాళ్లున్న పోటీలో 2 శాతం చిన్నదేం కాదు. ఎన్‌సీసీ యూనిట్ ఉన్న బడిలో ఎనిమిదో తరగతిలోనే పేరివ్వాలి. పదిలో గుర్తొస్తే రెండేళ్లు మిగలవు.

వృత్తివిద్యలో 'సెక్యూరిటీ'

సీబీఎస్‌ఈ 9, 10 తరగతుల నైపుణ్య సబ్జెక్టుల్లో సెక్యూరిటీ కోడ్ 403. థియరీకి 50, ప్రాక్టికల్స్‌కు 50 మార్కులు. పేరు చూసి పోలీసు కోర్సు అనుకోవద్దు, ఇది ప్రైవేటు భద్రతా రంగం కోసం తయారైంది. ఆ రంగానికి 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. కేంద్ర నమూనా నియమాల ప్రకారం గార్డుకు 160 గంటల శిక్షణ ఉండాలి: తరగతిలో 100, క్షేత్రంలో 60. వయసు 18 నిండాలి. కాబట్టి పదో తరగతి కాగానే కొలువు అన్న మాట ఇక్కడా కుదరదు.

పేర్లు చూసి పొరబడొద్దు

కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లోని సాంఘిక సంక్షేమ సైనిక్ గురుకులం, భువనగిరిలోని మహిళా సాయుధ దళాల సన్నాహక డిగ్రీ కళాశాల సైన్యం వైపు చూసేవి. రెండూ సాంఘిక సంక్షేమ గురుకుల సంస్థవే. ఇక మంచిరేవులలో 2025 ఏప్రిల్ 10న ప్రారంభమైన యంగ్ ఇండియా పోలీస్ స్కూల్ పోలీసు సిబ్బంది పిల్లల చదువును దృష్టిలో పెట్టుకొని వచ్చిన పాఠశాల. అక్కడ చేరితే పోలీసు అవుతారని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

ఎంపికైనవారికి శిక్షణ ఇచ్చే సంస్థలు వేరు. రాష్ట్రంలో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పోలీస్ అకాడమీ ఉంది. నిజాం కాలంలో హైదరాబాద్ కొత్వాలుగా పనిచేసిన వెంకటరామారెడ్డి పేరు దానికి పెట్టారు. ఐపీఎస్‌లకు సర్దార్ పటేల్ జాతీయ పోలీస్ అకాడమీ: 1948లో మౌంట్ ఆబూలో మొదలై 1975లో హైదరాబాద్ వచ్చింది. ఇంటర్ తర్వాత పోలీసు శాస్త్రం చదవాలనుకుంటే గాంధీనగర్ దగ్గరి రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయం ఉంది. 2020 చట్టంతో దానికి జాతీయ హోదా వచ్చింది.

నోటిఫికేషన్ అడిగేవి, బడిలోనే తేలేవి

తెలంగాణ పోలీసు నియామకాల 2022 నోటిఫికేషన్ ప్రకారం సివిల్ కానిస్టేబుల్‌కు 18 ఏళ్లు నిండాలి, ఇంటర్ పాసై ఉండాలి. గ్రూపు ఏదైనా ఫర్వాలేదు. ఎస్సీ, ఎస్టీలకు పది పాసై, ఇంటర్ రెండేళ్లూ చదివి పరీక్షలకు హాజరైతే సరిపోతుంది. తండాల్లో ఇంటర్ ఫెయిలై ఇక అర్హత లేదనుకునేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

ఖేడ్ వాళ్లకు అసలు చిక్కు స్థానికతలో ఉంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జిల్లా స్థాయి కొలువుల్లో 95 శాతం స్థానికులవే. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారో అదే స్థానిక జిల్లా. సంగారెడ్డి చార్మినార్ జోన్‌లో ఉంది. చెరకు నరికే పనికి వలసపోయే కుటుంబాల పిల్లలు ఏడాదిలో సగం ఒక చోట, సగం ఇంకో చోట చదువుతారు. కొందరు బీదర్ వైపు చుట్టాల ఇళ్లలో ఉండి చదువుతారు. తీరా నోటిఫికేషన్ వచ్చాక బోనఫైడ్ కోసం మూతపడిన ప్రైవేటు బడి చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఏడో తరగతి అయిపోగానే ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు తీసి పెట్టుకోవాలి. ఇంటిపేరు, పుట్టిన తేదీ అన్నింట్లో ఒకేలా ఉన్నాయా చూసుకోవాలి. ఇది శిక్షణ కాదంటారేమో, ఏ కోచింగూ చేయలేని పని ఇదే.

ఇక అదే నోటిఫికేషన్‌లోని ఈవెంట్లు. అబ్బాయిలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. అమ్మాయిలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, లాంగ్ జంప్ 2.5 మీటర్లు, 4 కిలోల షాట్‌పుట్ 4 మీటర్లు. ఎత్తు పురుషులకు 167.6 సెం.మీ., మహిళలకు 152.5 సెం.మీ. 400 మీటర్ల ట్రాక్‌పై లెక్కేస్తే అబ్బాయి నాలుగు రౌండ్లు తిరగాలి, ఒక్కోటి 1 నిమిషం 48 సెకన్లలో. మొదటి రౌండు ఉత్సాహంగా నిమిషం పది సెకన్లలో కొట్టినవాళ్లే మూడో రౌండులో నడుస్తూ కనిపిస్తారు. హైస్కూల్లో నేర్చుకోవాల్సింది వేగం కన్నా ఈ లెక్క. పద్నాలుగేళ్ల పిల్లలు 7.26 కిలోల గుండు జోలికి పోకూడదు, పీఈటీ సారు ఇచ్చే తక్కువ బరువుతో విసిరే పద్ధతి పట్టుబడితే చాలు.

సివిల్ విభాగంలో మహిళలకు 33 శాతం రిజర్వేషన్ ఉంది. అమ్మాయిల పరుగు లక్ష్యం రౌండుకు 2 నిమిషాల 40 సెకన్లు. హైస్కూల్ గ్రౌండ్‌లో క్రమంగా పరిగెత్తే పిల్లకు ఇది అందనిదేమీ కాదు. పదో తరగతికే పెళ్లి మాటలు మొదలయ్యే ఇళ్లలో '18 నిండాలి, ఇంటర్ కావాలి' అన్న షరతు ఆడపిల్ల చేతిలో ఒక గట్టి వాదన కూడా.

ప్రశ్నలు ఇలా రావచ్చు

ఎస్‌పీసీ ఏ రాష్ట్రంలో మొదలైంది, జాతీయ స్థాయిలో ఎక్కడ, ఎప్పుడు ప్రారంభమైంది? కేరళ, 2010. గురుగ్రామ్, 2018 జులై 21.

ఎస్‌పీసీలో వార్షిక పరీక్ష, నిర్దేశిత పాఠ్యపుస్తకం ఉంటాయి: ఈ వాక్యం సరైనదా? కాదు, రెండూ లేవు.

పోలీసు, విద్య ఏ జాబితాల్లో ఉన్నాయి? పోలీసు రాష్ట్ర జాబితాలో, విద్య ఉమ్మడి జాబితాలో.

వ్యాసంగా అడిగితే, 'పాఠశాల స్థాయిలో పోలీసు కార్యక్రమాలు పౌరులను తయారుచేస్తాయా, పోలీసులనా?' అన్న రూపంలో రావచ్చు. కేరళ వారపు నమూనాను, జాతీయ స్థాయిలో నెలకో క్లాసు నమూనాను పక్కపక్కన పెట్టి, నిధులు, ఉపాధ్యాయుల సమయం, మారుమూల బడులకు అందుబాటు అనే మూడు కోణాల్లో రాస్తే జవాబు మిగతావారి పేపర్ల కన్నా వేరుగా కనిపిస్తుంది.