బట్టల వంతు, మన వంతు

అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు రాగానే ఇంట్లో ముందుగా తెరుచుకునేది బట్టల బీరువా. ఏవి కట్టాలి, ఏవి ఇచ్చేయాలి, ఏవి చేతిసంచిలో ఉంచాలి అనే ప్రశ్నలన్నీ ఒక్కసారే మీద పడతాయి. రోజూ ఒక పద్ధతిలో ఉండే బీరువాను సర్దడానికి ఒక పూట చాలు. పద్ధతి లేని బీరువాకు వారమైనా చాలదు. ఆ బరువు చాలా ఇళ్లలో అమ్మ ఒక్కరే మోస్తారు. బట్టలు వేసుకునేది మనం కాబట్టి, వాటి పనిలో మన వంతు ఏమిటో, ఆ పని వెనుక ఉన్న లెక్క, శాస్త్రం ఏమిటో తెలుసుకుందాం.

ఎన్ని జతలు కావాలి?

దీనికి చిన్న లెక్క ఉంది. ఎన్ని రోజులకోసారి ఉతుకుతామో ఆ సంఖ్యకు, బట్టలు ఆరడానికి పట్టే రోజులు కలపాలి. రోజూ సాయంత్రం యూనిఫాం ఉతికి, అది మర్నాటి సాయంత్రానికి ఆరితే 1 + 1 = 2 జతలు చాలు. వానాకాలంలో ఆరడానికి రెండు రోజులు పడితే 1 + 2 = 3 జతలు కావాలి. రెండు రోజులకోసారి ఉతికే ఇంట్లో, అదే వానాకాలంలో 2 + 2 = 4 జతలు. ఈ లెక్క తెలిస్తే అనవసరంగా కొనం, సోమవారం పొద్దున తడి చొక్కాకు ఇస్త్రీ పెట్టె పెట్టే అవస్థా ఉండదు.

వంతు ఎక్కడ తప్పుతుంది?

ఉతికిన చొక్కాను దొంతర పైన పెడతాం. మర్నాడు పైనున్నదే తీస్తాం. అందువల్ల రెండు చొక్కాలే మళ్లీ మళ్లీ ఒంటి మీదికి వచ్చి రంగు వెలుస్తాయి. అడుగున ఉన్నవి తొడగకుండానే పొట్టయిపోతాయి. దీనికి మందు సులువు. ఉతికినవి అడుగున పెట్టాలి, వేసుకునేవి పైనుంచి తీయాలి. రేషన్ దుకాణం ముందు వరుసలాగా, ముందు వచ్చినది ముందు వెళ్తుంది. ఆదివారం రాత్రి ఐదారు రోజుల బట్టలు, మేజోళ్లతో సహా, జతలుగా మడిచి పెట్టుకుంటే పొద్దున్నే వెతుకులాట ఉండదు.

ఉతికే ముందు

మాసిన బట్టలను మూడు కుప్పలు చేద్దాం: తెల్లవి, రంగువి, కొత్తగా కొన్న ముదురు రంగువి. కొత్తవాటిని మొదటి రెండు మూడుసార్లు విడిగా ఉతకాలి. జేబులు చూడటం మన పని. ఒక్క పెన్ను చాలు, బకెట్టు బట్టలన్నీ పాడవడానికి. నెత్తుటి మరకకు, గుడ్డు మరకకు వేడినీళ్లు వాడకూడదు. వేడికి వాటిలోని ప్రోటీన్ గట్టిపడి దారాలను పట్టుకుంటుంది. చన్నీళ్లలో నానబెట్టాలి.

ఊరు మారితే నీళ్లూ మారతాయి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే అది కఠిన జలం. అందులో సబ్బు నురగ రాదు, తెల్లని మడ్డి కట్టి బట్ట బిరుసెక్కుతుంది. అలాంటి చోట సబ్బు కంటే డిటర్జెంట్ పొడి బాగా పనిచేస్తుంది.

దండెం చెప్పే పాఠం

బట్ట ఆరడమంటే నీరు ఆవిరి కావడమే. ఎండ, గాలి, పరచిన వైశాల్యం పెరిగితే త్వరగా ఆరుతుంది. గాలిలో తేమ పెరిగితే ఆలస్యమవుతుంది. అందుకే జైసల్మేరులో చూస్తుండగా ఆరిపోయే తువ్వాలు విశాఖపట్నంలో వానాకాలం రోజంతా తడిగానే ఉంటుంది. ఢిల్లీ నుంచి నెల్లూరుకు వచ్చిన పిల్లలకు మరో మార్పు కనిపిస్తుంది. అక్కడ జూలై, ఆగస్టుల్లో దండెం లోపలికి వస్తే, ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. కొత్త ఊళ్లో జతల లెక్క మళ్లీ వేసుకోవాలి.

ముదురు రంగు బట్టలను తిరగేసి ఆరేస్తే రంగు నిలుస్తుంది. తడి స్వెట్టరును దండేనికి వేలాడదీస్తే నీటి బరువుకు సాగుతుంది. దాన్ని చాప మీద పరచి నీరెండలో ఆరబెట్టాలి.

కాలం మారినప్పుడు

చలికాలం పోగానే ఉన్ని బట్టలు పెట్టెలోకి వెళ్తాయి. ఉన్నిని కొరికేది ఎగిరే చిమ్మట పురుగు కాదు, దాని పిల్ల పురుగు. చెమట, తిండి మరకలున్న ఉన్ని అంటే దానికి మరీ ఇష్టం. కాబట్టి ఒక్కసారే వేసుకున్న స్వెట్టరునైనా ఉతికి, పూర్తిగా ఆరబెట్టాకే దాచాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. ఎండిన వేపాకు గుడ్డలో కట్టి వేయడం మన పెద్దలకు అలవాటు. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ ద్రవంగా మారకుండానే ఆవిరవుతుంది. దీన్నే ఉత్పతనం అంటాం. ఆ ఆవిరి పీల్చడం మంచిది కాదు. పసిపిల్లల బట్టల్లో వాటిని వేయకూడదు. పెద్దవాళ్ల బట్టలనైనా బాగా గాలికి ఆరేశాకే తొడగాలి.

పొట్టయిన బట్టలు ఎవరివి?

ఏడాదికి రెండుసార్లు, కాలం మారే ముందు, బట్టలన్నీ తొడిగి చూసుకుందాం. సరిపోయేవి అరలోకి, తమ్ముడికో చెల్లికో పనికొచ్చేవి పెట్టెలోకి, మిగతావి ఇచ్చేయడానికి. కేంద్రీయ విద్యాలయాల్లో ఒక ఊరి యూనిఫాం మరో ఊళ్లోనూ పనికొస్తుంది కాబట్టి, మనకు పొట్టయిన చొక్కా పక్క క్వార్టరులోని పిల్లవాడికి అవసరం కావచ్చు. ఇచ్చేటప్పుడు ఉతికి, ఊడిన గుండీ కుట్టి, మడిచి ఇవ్వాలి. మనం తొడగలేనంత చిరిగినది ఇంకొకరికీ ఇవ్వకూడదు. అది ఇల్లు తుడిచే గుడ్డ అవుతుంది.

ఇక్కడ ఒక న్యాయం కూడా చూడాలి. అన్న చొక్కా ఎప్పుడూ తమ్ముడికే వస్తుంటే, తమ్ముడికి తనదంటూ ఏమీ మిగలదు. పాత వాటిలో ఏది కావాలో వాడినే ఎంచుకోనిద్దాం. పండక్కి కొనేటప్పుడు మొదటి ఎంపిక వాడికే ఇద్దాం. ఒక్కో ఊరి గుర్తుగా ఒక్కో చిన్న బట్ట దాచుకోవడం వృథా కాదు. అన్నీ దాచాలనుకుంటేనే పెట్టె చాలదు.

బదిలీ రోజున

సామాను లారీ మనకంటే ఆలస్యంగా రావచ్చు. రెండు జతల యూనిఫాం, మూడు జతల మామూలు బట్టలు, ఒక తువ్వాలు, వెళ్లే ఊరి వాతావరణాన్ని బట్టి ఒక స్వెట్టరో వానకోటో మనతోనే రైల్లో రావాలి. ప్రతి పెట్టెకూ ఒక సంఖ్య వేసి, అందులో ఏముందో నోటుపుస్తకంలో రాసుకుంటే అదే మన బట్టల పద్దు. కొత్త ఇంట్లో బడి మొదలయ్యే రోజున పెట్టెలన్నీ తిరగేయక్కర్లేదు.

చేసి చూద్దాం

1. మీ ఇంట్లో యూనిఫాం ఎన్ని రోజులకోసారి ఉతుకుతారు? ఆరడానికి ఎంతసేపు పడుతోంది? ఎన్ని జతలు కావాలో లెక్క కట్టండి.
2. ఒకే రకమైన రెండు చేతిరుమాళ్లు తడిపి, ఒకటి మడిచి, ఒకటి పరచి ఆరేయండి. తేడా ఎంతో గడియారం చూసి రాయండి.
3. ఒక వారం పాటు ఉతకడం, ఆరేయడం, మడవడం, సర్దడం ఎవరు చేశారో పట్టిక వేయండి. మీ పేరు ఎన్నిసార్లు వచ్చిందో చూసుకుని, వచ్చే వారానికి మీ వంతు మీరే నిర్ణయించుకోండి.