లాటినోల విద్యా నాయకత్వము: క్రిస్టల్ సిటీ విద్యార్థులు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మెక్సికో, ప్యూర్టోరికో, క్యూబా మొదలగు ప్రాంతముల సంతతివారిని లాటినోలందురు. వీరందఱును వలస వచ్చినవారు కారు. 1848 నాటి సంధిలో మెక్సికో తన యుత్తర భూభాగమును అమెరికాకు వదలుకొనగా, అచ్చటి స్పానిషు కుటుంబములు ఇల్లు కదలకయే పరదేశమున పడినవి. 1953, 1956 సంవత్సరములలో మన రాష్ట్రముల యెల్లలు మాఱినపుడు మన పెద్దలలో కొందఱకును కొంతవఱ కిట్టి యనుభవమే కలిగినది గనుక, వారి పాఠశాలల చరిత్ర మనకు దూరపు కథ కాదు.

మొదట వారు పోరాడినది ప్రవేశము కొఱకు. కాలిఫోర్నియాలోని వెస్ట్‌మినిస్టరులో మెండెజ్ దంపతుల పిల్లలను తెల్లవారి బడిలో చేర్చుకొనరైరి. పిల్లలకు ఇంగ్లీషు రాదనునది అధికారులు చూపిన సాకు. మఱి నాలుగు కుటుంబములతో కలిసి వారు 1945లో వ్యాజ్యము వేసి 1946లో గెలిచిరి. 1947లో పై న్యాయస్థానము ఆ తీర్పును స్థిరపఱచెను. వేఱుగా నుంచుటచేతనే పిల్లలకు ఇంగ్లీషు అబ్బుట కష్టమగునని న్యాయాధిపతి తేల్చెను.

తలుపు తెఱచుకొన్నంతమాత్రమున బడి తమదగునా? టెక్సాసులోని క్రిస్టల్ సిటీవారికి ఈ ప్రశ్న యెదురయ్యెను. పాలకూర పంటకు పేరొందిన యా చిన్న పట్టణమున నూటికి ఎనుబదిమందికి పైగా మెక్సికన్ సంతతివారే. పంటకాలమున కుటుంబములకు కుటుంబములే ఉత్తరపు రాష్ట్రములకు కూలికి పోయెడివి. పిల్లల చదువు నడుమ తెగెడిది. బడిలో స్పానిషు మాటాడిన బాలుర వీపులు మ్రోగెడివి. ఆటలపోటీలందు జట్టునకు ఉత్సాహము గొల్పు చీర్‌లీడర్లు నలుగురిలో మువ్వురు తెల్లబాలికలు, ఒక్కతె మెక్సికన్ బాలిక. ఇది వ్రాయని కట్టుబాటు. 1969లో ఉత్సవపు రాణి యెన్నికకు మఱియొక నిబంధన తోడయ్యెను. బాలిక తల్లిదండ్రులలో ఒకరైనను ఆ పాఠశాలలోనే చదువు ముగించి పట్టా పొందియుండవలెనట! కూలిజనులలో అట్టివా రెందఱుందురు? ఇవి అల్పవిషయములని కొందఱు నవ్వవచ్చును. మేమట్లు తలంపము. పిల్లలకు అవమానము మొదట తెలియునది ఇట్టి చిన్నవానియందే.

సెవెరిటా లారా మొదలగు విద్యార్థులు తమ కోర్కెలను వ్రాసి పాఠశాలా మండలికి నివేదించిరి. రెండు భాషలలో బోధన, తమవారిలోనుండి ఉపాధ్యాయులు అందు ముఖ్యములు. మండలి చెవినిడలేదు. 1969 డిసెంబరులో విద్యార్థులు బడి విడిచి వెలికి వచ్చిరి. తల్లిదండ్రులు వెంట నిలిచిరి. దినదినమును సంఖ్య పెరిగి వెయ్యి దాటెను. సెలవులలో బయటి యూళ్లనుండి ఉపాధ్యాయులు వచ్చి పాఠములు చెప్పిరి. బడి మానిన పిల్లలు చదువు మానలేదన్నమాట! ముగ్గురు వాషింగ్టనుకు పోయి సెనేటు సభ్యులతో మొఱపెట్టుకొనిరి. 1970 జనవరిలో మండలి లొంగి పెక్కు కోర్కెల నంగీకరించెను.

ఆ యూరివాడే యగు హోసె ఆంఖెల్ గుటియెరెజ్‌కు అది చాలలేదు. ఇచ్చినవారే రేపు మరల తీసికొనవచ్చును గదా! మన రాజ్యాంగమున 1956లో చేర్చబడిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింప యత్నింపుడని రాష్ట్రములకు చెప్పుచున్నది. వారి రాజ్యాంగమున అట్టిది లేదు. కావున ఆయనయు మిత్రులును లా రాసా ఊనీడా యను పక్షమును స్థాపించి, కూలిజనుల పేర్లను ఓటర్ల పట్టికలో చేర్పించి, 1970 ఏప్రిలులో మండలియందు మూడు స్థానములు గెలిచిరి. గుటియెరెజ్ అధ్యక్షుడయ్యెను. ద్విభాషా బోధన మొదలయ్యెను. మెక్సికన్ సంతతి ఉపాధ్యాయుల సంఖ్య పెరిగెను.

లోపలి కలహములచే ఆ పక్షము పదేండ్లలోపుననే క్షీణించెను. సెవెరిటా లారా మాత్రము కొంతకాలమునకు ఆ పట్టణమునకే మేయరయ్యెను.