లెవెల్ కొనేముందు వీధిలో పెట్టి చూడండి

నాలుగేళ్లు సైటులో పనిచేశాక సొంతంగా సర్వే పనులు పట్టుకుందామనుకునే కుర్రాళ్లు హైదరాబాద్‌లోని నాగోల్, ఉప్పల్, నాచారంలో చాలామందే ఉన్నారు. తెలంగాణలో భూముల రికార్డుల కోసం తెచ్చిన భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చి, ప్రభుత్వం లైసెన్స్‌డ్ సర్వేయర్లకు శిక్షణ ఇచ్చాక ఆ ఉత్సాహం ఇంకా పెరిగింది. చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో ఏ పరికరం కొనాలన్నదే వాళ్ల బెంగ.

నన్నడిగితే టోటల్ స్టేషన్ అద్దెకు తెచ్చుకోండి, ఆటో లెవెల్ కొనుక్కోండి. టోటల్ స్టేషన్ లక్షల్లో మాట. రోజూ పని ఉంటే తప్ప ఆ డబ్బు తిరిగి రాదు. ఆటో లెవెల్ పునాది నుంచి పైస్లాబు దాకా పనికొస్తుంది, పైగా బడ్జెట్‌లో దొరుకుతుంది.

ఆటో లెవెల్ అడిగితే దుకాణంలో ముందుగా వినిపించేది 32 రెట్లు పెద్దగా కనిపిస్తుందన్న మాట. కాలనీ పనుల్లో ముప్పై, నలభై మీటర్లకు మించి చూసే అవసరం పెద్దగా రాదు, దానికి 24 రెట్లు చాలు. మే నెల ఎండలో రోడ్డు మీద గాలి అలల్లా కదులుతుంటే, ఎక్కువ రెట్ల లెన్సు ఆ కదలికనూ పెద్దది చేసి చూపిస్తుంది.

ముందు ఐపీసు తిప్పి క్రాస్‌హెయిర్ గీతలు నల్లగా, పదునుగా కనిపించేలా చేసుకోండి. తర్వాత స్టాఫ్ (కొలత గీతల కర్ర) మీద ఫోకస్ పెట్టి తలను కొద్దిగా పైకీ కిందికీ కదపండి. గీత స్టాఫ్ మీద జారకూడదు. పై గీత, కింది గీత రీడింగుల సగటు మధ్య గీత రీడింగుకు సరిపోవాలి. ట్రైపాడ్ కాలును వేలితో తట్టండి. గీత ఊగి మళ్లీ అదే అంకె మీద ఆగితే లోపలి కాంపెన్సేటర్ బాగున్నట్టు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది టూ పెగ్ పరీక్ష. దీనికి అరగంట పడుతుంది, అయినా మానకండి. వీధిలో అరవై మీటర్ల దూరంలో రెండు గట్టి గుర్తులు పెట్టుకుని, సరిగ్గా మధ్యలో లెవెల్ నిలపండి. మొదటి గుర్తు మీద స్టాఫ్ నిలిపితే 1.425 మీటర్లు, రెండో దాని మీద 1.310 వచ్చాయనుకుందాం. తేడా 115 మిల్లీమీటర్లు. రెండు వైపులా దూరం సమానం కాబట్టి పరికరంలో దోషమున్నా ఇక్కడ కొట్టుకుపోతుంది, ఆ తేడా నిజమైనదే. ఇప్పుడు లెవెల్‌ను మొదటి గుర్తుకు రెండు మీటర్ల దగ్గరికి జరిపి మళ్లీ చదవండి. 1.512, 1.409 వస్తే తేడా 103. అంటే చూపు రేఖ 12 మిల్లీమీటర్లు పైకి పోతోంది. మూసీ పక్కన చదునుగా ఉండే కాలనీలో ఐదువందలకు ఒకటి వాలుతో డ్రైనేజీ లైను వేస్తే, అరవై మీటర్లకు దొరికే వాలే 120 మిల్లీమీటర్లు. అందులో పదో వంతు ఇలా పోతే వానాకాలంలో ఆ ఇళ్లవాళ్లు ఏమవ్వాలి? రెండు మూడు మిల్లీమీటర్ల తేడా అయితే సర్దుకోవచ్చు. అంతకు మించితే సర్వీసు చేయించి ఇమ్మనండి.

ఇక అద్దెకు తెచ్చే టోటల్ స్టేషన్ సంగతి. వెలిగే క్రాస్‌హెయిర్ వీటిలో ఉంటుంది. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ లాంటి చోట రాత్రి పని పడితే అది నిజంగా అవసరం, చీకట్లో నల్ల గీత కనపడదు. అద్దెకు తెచ్చేటప్పుడు లెన్సుకు మూత పెట్టి లైటు వేసి చూడండి. గీతలు ఎక్కడా తెగకుండా ఒకే వెలుగులో కనపడాలి. వెలుగు బాగా తగ్గించే వీలుండాలి, లేకపోతే ఆ కాంతే గురిని మింగేస్తుంది. పగటి పనికి మాత్రం దీనికోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టొద్దు.

సెకండ్‌హ్యాండ్ లెవెల్ అయితే టార్చ్ వేసి లెన్సులో బూజు దారాలున్నాయేమో చూడండి. క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్‌లోని సీరియల్ నంబరు పరికరం మీది నంబరుతో కలవాలి. కింద పడిందా అని అడగండి. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి ఎక్కిస్తుండగా దెబ్బతిన్న అర టన్ను థియొడొలైట్‌ను (కోణాలు కొలిచే పరికరం) సర్వేయర్ విలియం లాంబ్టన్ తానే విప్పి బాగుచేసుకుని సర్వే కొనసాగించాడు. కాబట్టి దెబ్బ తిన్నదని దేన్నీ పారేయక్కర్లేదు. బాగుచేశాక టూ పెగ్‌లో నెగ్గిందా లేదా అన్నదే చూడాలి.

ఆ పరీక్షకు ఒప్పుకోని దుకాణంలో, ధర ఎంత తగ్గించినా, కొనకండి.