గ్రామీణ వాడకపు నీటి శుద్ధి: కృత్రిమ తడినేల రూపకల్పన – సేద్య వినియోగం

సారాంశం

వెయ్యి జనాభా గల గ్రామపు వాడకపు నీటిని కంకర పడక గల కృత్రిమ తడినేలతో శుద్ధి చేయుటకు కావలసిన స్థలం, ఆ నీటిని సేద్యానికి మళ్ళించునపుడు పాటించవలసిన పరిమితులు ఈ వ్యాసంలో చర్చించబడినవి.

నీటి పరిమాణం

2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ తలకు రోజుకు 55 లీటర్ల నీటిని నిర్దేశించింది. వెయ్యిమందికి ఇది 55,000 లీటర్లు. ఇందులో 70 శాతం వంటిల్లు, స్నానం, బట్టల ఉతుకుడు ద్వారా కాలువలోకి చేరునని భావించినచో రోజుకు 38.5 ఘనపు మీటర్ల నీరు లభిస్తుంది. మరుగుదొడ్ల నీటిని ఇందులో కలుపరాదు.

రూపకల్పన

నీరు మొదట జల్లెడను, నూనె–జిడ్డు తొట్టిని, మడ్డి తేరు తొట్టిని దాటి కంకర పడకలోకి ప్రవేశిస్తుంది. పడకలో జమ్ము, మెట్టతామర నాటుతారు. అయితే కర్బన మలినాలను ప్రధానంగా విచ్ఛిన్నం చేయునవి మొక్కలు కావు. కంకరపైన, వేళ్ళపైన పొరగా పెరిగే సూక్ష్మజీవులు.

రోజువారీ ప్రవాహాన్ని ప్రవేశ, నిర్గమ బి.ఓ.డి.ల సహజ సంవర్గమానాల తేడాతో గుణించి, విఘటన స్థిరాంకంతో భాగించగా పడక వైశాల్యం తెలుస్తుంది. మిగులు నీరు వానాకాలంలో చెరువులో కలియును గనుక నిర్గమ బి.ఓ.డి.ని లీటరుకు 30 మి.గ్రా.గా నిర్ణయించాలి. ప్రవేశ బి.ఓ.డి. 150 మి.గ్రా., స్థిరాంకం రోజుకు 0.15 మీటర్లు అయినచో సుమారు 413 చ.మీ., అనగా దాదాపు పది సెంట్ల స్థలం చాలును. నీటిమట్టం కంకర ఉపరితలానికి దిగువనే ఉన్నచో దోమలు వృద్ధి చెందవు.

సేద్య వినియోగం

బాష్పోత్సేకం పోగా రోజుకు 35 ఘనపు మీటర్ల నీరు మిగిలినచో, రోజుకు 5 మి.మీ. నీరు కోరే పైరు సుమారు 1.75 ఎకరాలలో పండుతుంది. అయితే రెండు పరిమితులు కలవు.

మొదటిది, ఈ పద్ధతి రోగకారక క్రిములను తగ్గించునే గాని పూర్తిగా తొలగించదు. కావున పచ్చిగా తినే కూరగాయలను, ఆకుకూరలను విడిచి పశుగ్రాసం, ప్రత్తి, కలప మొక్కలకు వాడుట క్షేమం.

రెండవది, సబ్బుల నుండి వచ్చే సోడియంను తడినేల తొలగించలేదు; బాష్పోత్సేకం వలన దాని గాఢత మరింత పెరుగుతుంది. బి.ఓ.డి. ఎంత తగ్గినను, అవశేష సోడియం కార్బొనేటు లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు మించిన నీరు సేద్యానికి అనుకూలం కాదు. మురుగు సౌకర్యం లేని నల్లరేగడి నేలల్లో నష్టం అధికం. నేల, నీటి పరీక్షలను అనుసరించి జిప్సం వేయాలి.

నిర్వహణ

తొట్టిలోని మడ్డిని సకాలంలో తీయనిచో అది పడకలోకి చేరి కంకర సందులను మూసివేస్తుంది. అప్పుడు నీరు పైకి పొంగి, శుద్ధి కాకుండానే బయటకు పోతుంది. దానిని సరిచేయుటకు కంకరను తీసి కడుగవలసి వచ్చును.

ముగింపు

గ్రామానికి ఈ పద్ధతిని సూచించే విస్తరణ శాస్త్రవేత్త స్థల నిర్ణయంతోపాటు మడ్డి తీసే బాధ్యత ఎవరిదో పంచాయతీ తీర్మానంలో నమోదు చేయించాలి. బి.ఓ.డి.తోపాటు సోడియం పరీక్షను కూడ తప్పనిసరి చేసిననాడే ఈ నీరు పైరుకు మేలు చేయును. లేనిచో కాలువలోని కాలుష్యం తగ్గినను పొలం చౌడుబారును.