సందేహాలు – సమాధానాలు: గుండె లోపల ఏం జరుగుతోంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బుక్కరాయసముద్రం మండలానివే. ఎవరి బాధ వారిదే అయినా, అన్నిటికీ జవాబు గుండె కట్టుబడిలోనే దొరుకుతుంది. అందుకని ఆ కట్టుబడి గురించే అడిగిన చిన్నమ్మాయి ఉత్తరాన్ని ముందు వేస్తున్నాం. రాసినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: ప్రయోగం కోసం మటన్ అంగట్లో గొర్రె గుండె తెచ్చి కోశాం. ఒకవైపు గోడ మందంగా, ఇంకోవైపు పలుచగా ఉంది. లోపల తెల్లటి దారాలు కనిపించాయి. అవి నరాలా? ఏది ఎడమో, ఏది కుడో ఎట్లా తెలుసుకోవాలి?
– పదో తరగతి విద్యార్థిని, బుక్కరాయసముద్రం

జవాబు: ఈసారి కోయక ముందు చేత్తో నొక్కి చూడమ్మా. గట్టిగా తగిలేది గుండెకు ఎడమవైపు, మెత్తగా లోపలికి పోయేది కుడివైపు. గుండె ముందుభాగం నీ వైపు తిరిగి ఉంటే దాని ఎడమ నీ కుడిచేతి వైపు వస్తుంది. చాలామంది తికమకపడేది అక్కడే.

పై రెండు గదులు కర్ణికలు, కింది రెండు జఠరికలు. ఒళ్లంతా తిరిగిన రక్తం కుడి కర్ణికలో చేరి, కుడి జఠరికలోకి దిగి, పుపుస ధమని గుండా ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ ఆక్సిజన్ నింపుకొని ఎడమ కర్ణికకు వస్తుంది. ఎడమ జఠరిక దాన్ని బృహద్ధమనిలోకి, అంటే తల నుంచి కాలివేళ్ల దాకా నెడుతుంది. ఊపిరితిత్తులు పక్కనే ఉన్నాయి కాబట్టి కుడి జఠరికకు 25 మి.మీ. పాదరసం పీడనం చాలు. ఎడమది 120 దాకా తేవాలి. బీపీ చూసినప్పుడు చెప్పే పై అంకె దాని చలవే. పనిని బట్టి గోడ: ఎడమ జఠరిక గోడ కుడిదానికి దాదాపు మూడింతలు మందం. అయినా ఒక్కో స్పందనకు రెండు వైపులూ నెట్టే రక్తం సమానమే, పెద్దవాళ్లలో సుమారు 70 మిల్లీలీటర్లు.

ఆ తెల్లటి దారాలు నరాలు కావు, స్నాయురజ్జువులు. కర్ణికకూ జఠరికకూ నడుమ కుడివైపు మూడు రెక్కల త్రిపత్ర కవాటం, ఎడమవైపు రెండు రెక్కల ద్విపత్ర కవాటం ఉంటాయి. జఠరిక బిగుసుకున్నప్పుడు ఆ రెక్కలు పైకి తిరగబడిపోకుండా ఈ దారాలు పట్టి ఉంచుతాయి. ఆ రెండూ మూసుకున్నప్పుడు వినిపించేది ‘లబ్’. జఠరికల నుంచి బయటికి పోయే దారుల్లోని అర్ధచంద్రాకార కవాటాలు మూసుకున్నప్పటిది ‘డబ్’.

ఇంకో పని చేయి. ఈసారి గొట్టాలు మిగిల్చి కోయమని అంగడాయనకు చెప్పు. బృహద్ధమనిని నిలువుగా చీలిస్తే కవాటం రెక్కలకు కాస్త పైన రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. అవి హృదయ ధమనుల మొదళ్లు. ఆఖరి ఉత్తరం వాటి గురించే, అది కూడా చదువు.

ప్రశ్న: మా నాయనకు 70 ఏళ్లు. గుండె నిదానంగా కొట్టుకుంటోందని పేస్‌మేకర్ వేశారు. గుండెకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? ఆయన బోరు మోటారు దగ్గరికి పోవచ్చా?
– రైతు, కొర్రపాడు

జవాబు: గుండెకు మోటారుతో పోలిక కొంత దూరం బాగానే నడుస్తుంది. బావి మోటారు పైపు అడుగున ఫుట్ వాల్వు చేసే పనే గుండెలో నాలుగు కవాటాలదీ: ఎక్కించింది వెనక్కి జారకుండా చూడటం. కరెంటు దగ్గరికి వచ్చేసరికి పోలిక తెగిపోతుంది. మోటారుకు కరెంటు బయటి నుంచి రావాలి, గుండె తన కరెంటు తానే పుట్టించుకుంటుంది.

కుడి కర్ణిక పైభాగంలో లయారంభకం అనే చిన్న కణజాలపు ముద్ద ఉంది. నిమిషానికి 60 నుంచి 100 సార్లు దాని నుంచి ప్రేరణ బయలుదేరుతుంది. ముందు కర్ణికలు ముడుచుకుంటాయి. ప్రేరణ గుండె నడుమనున్న రెండో కణుపు దగ్గర సెకనులో పదోవంతు ఆగి, అప్పుడు జఠరికలకు దిగుతుంది. ఆ కాస్త ఆలస్యం లేకపోతే జఠరికలు నిండకముందే బిగుసుకుంటాయి. లయారంభకం మొరాయిస్తే రెండో కణుపు నిమిషానికి 40–60తో నడిపిస్తుంది. అదీ పోతే జఠరికలు సొంతంగా 20–40 సార్లు కొట్టుకుంటాయి. ప్రాణం నిలవవచ్చు గానీ మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు. పేస్‌మేకర్ వేసేది అందుకే.

మెదడు నరాలు వేగాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి. అంతే తప్ప గుండెను మొదలుపెట్టేవి అవి కావు. ఇందుకు రుజువు గుండె మార్పిడి. మన దేశంలో విజయవంతమైన తొలి గుండె మార్పిడిని 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ చేశారు. అలాంటి ఆపరేషన్లో దాత గుండెకున్న నరాలన్నీ తెగిపోతాయి. అయినా కొత్త ఒంట్లో అది కొట్టుకుంటుంది.

మీ నాయన చేన్లోకి నిక్షేపంగా పోవచ్చు. నడుస్తున్న మోటారుకూ స్టార్టరు పెట్టెకూ ఛాతీ మూరెడు దూరంలో ఉండాలి. వెల్డింగు పని మాత్రం వద్దు. సెల్‌ఫోను చొక్కా జేబులో పెట్టుకోవద్దనండి. బ్యాటరీ చాలా ఏళ్లు వస్తుంది గానీ చెకప్ తేదీలు తప్పకూడదు.

ప్రశ్న: నాలుగు మెట్లెక్కితే కాళ్లు పీకుతాయి. పుట్టింది మొదలు ఆగని గుండె ఎందుకు అలసిపోదు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రోటరీపురం

జవాబు: నిమిషానికి 72 చొప్పున రోజుకు లక్షకు పైగా స్పందనలు, ఏడువేల లీటర్లకు పైగా రక్తం. అయినా గుండెకు విశ్రాంతి లేదనుకోవద్దు మాస్టారూ. ఒక్కో స్పందనకు పట్టే 0.8 సెకనులో జఠరికలు బిగుసుకునేది 0.3 సెకను, సడలి ఉండేది 0.5 సెకను. లెక్క కడితే పని కంటే విశ్రాంతే ఎక్కువ.

రెండో కారణం ఇంధనం. గుండె కండర కణంలో సుమారు మూడోవంతు మైటోకాండ్రియాలే. కొవ్వు, గ్లూకోజు, కాలి కండరాలు వదిలిన లాక్టిక్ ఆమ్లం, ఏది దొరికినా అది శక్తిగా మార్చుకుంటుంది. ఆ శక్తిని కండరానికి అందించే ఏటీపీ, దానికి నిల్వగా ఉండే ఫాస్ఫోక్రియాటిన్ రెండింటి ఆవిష్కరణలోనూ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరుంది. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెల్లడించారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నారు.

ఇక కాళ్లు పీకడం మాట. అది కొత్తగా మొదలై, దాంతోపాటు ఆయాసమో పాదాల వాపో ఉంటే వయసు మీదికి తోసేయకుండా ఒకసారి చూపించుకోండి.

ప్రశ్న: మా పాపకు నాలుగు నెలలు. గుండెలో 3 మి.మీ. రంధ్రం ఉందన్నారు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయటికి వచ్చినందుకే అంటోంది మా అత్త. ఆపరేషన్ చేయాల్నా?
– ఒక తల్లి, సిద్దరాంపురం

జవాబు: అమ్మా, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. గర్భంలో గుండె మొదట ఒక గొట్టం. మూడో వారం దాటగానే కొట్టుకోవడం మొదలెట్టి, మెలికపడి, ఎనిమిదో వారానికల్లా నాలుగు గదులవుతుంది. రెండు జఠరికల నడుమ గోడ ఎక్కడో పూర్తిగా పూడకపోతే రంధ్రం మిగులుతుంది. తల్లికి తాను కడుపుతో ఉన్నానని తెలిసే నాటికే ఈ పనిలో చాలా భాగం అయిపోయి ఉంటుంది. మేనరికం పెళ్లిళ్లలో ఇలాంటి లోపాలు కొంత ఎక్కువ. గర్భిణికి అదుపులో లేని షుగరు, రూబెల్లా జ్వరం కూడా కారణాలే. చాలామందిలో ఏ కారణమూ దొరకదు.

పుట్టాక ఎడమ జఠరికలో పీడనం ఎక్కువ కాబట్టి రక్తం ఆ రంధ్రం గుండా కుడివైపు చిమ్ముతుంది. రంధ్రం చిన్నదైతే స్టెతస్కోపులో చప్పుడు పెద్దగా వినిపిస్తుంది. చప్పుడు గట్టిగా ఉందని భయపడనక్కర లేదు. కండర గోడలోని చిన్న రంధ్రాలు చాలావరకు తొలి కొన్నేళ్లలో వాటంతటవే పూడిపోతాయి. డాక్టరు చెప్పిన గడువుకు ఎకో తీయిస్తే చాలు.

పాలు తాగుతూ మధ్యమధ్య ఆగిపోవడం, తాగేటప్పుడు నుదుట చెమట, డొక్కలు ఎగరేయడం, బరువు పెరగకపోవడం, మాటిమాటికీ న్యుమోనియా: వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు. పెదవులు నీలంగా మారితే అదే రోజు తీసుకుపోండి. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చూపించండి. పుట్టపర్తిలో 1991లో మొదలైన సత్యసాయి ఉన్నత వైద్య సంస్థలో గుండె ఆపరేషన్లకు డబ్బు తీసుకోరు. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉన్న పాత ఆరోగ్యశ్రీ కూడా పిల్లల గుండె ఆపరేషన్ల ఖర్చు భరిస్తుంది.

ప్రశ్న: చిన్నప్పుడు కీళ్లనొప్పులు వచ్చాయి. కవాటం చెడిందని 21 రోజులకొకసారి పెన్సిలిన్ సూది వేస్తున్నారు. నొప్పులు పోయి ఏళ్లయింది. మానేయవచ్చా? రేపు పెళ్లయితే ఇబ్బందా?
– డిగ్రీ విద్యార్థిని, జంతులూరు

జవాబు: మానొద్దు. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ మీద మీ ఒళ్లు చేసిన యుద్ధం గురితప్పి కీళ్లను, గుండె కవాటాలను తాకింది. కీళ్లు కోలుకుంటాయి, కవాటానికి మాత్రం మచ్చ పడుతుంది. గొంతు మళ్లీ సోకిన ప్రతిసారీ ఆ మచ్చ పెరగవచ్చు. సూది పాత మచ్చను చెరపదు, కొత్తది పడనీయదు. కవాటం దెబ్బతిన్నవాళ్లు కనీసం 10 ఏళ్లు లేదా 40 ఏళ్ల వయసు దాకా, ఏది ఎక్కువైతే అంతకాలం వేయించుకోవాలి.

ఎక్కువగా చెడేది ద్విపత్ర కవాటం. అది తెరుచుకున్నప్పుడు దారి 4 నుంచి 6 చదరపు సెం.మీ. ఉండాలి. 1.5కు దిగితే తీవ్రమైనట్టే. రక్తం ఎడమ కర్ణికలో నిలిచి, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి, పడుకుంటే ఆయాసం వస్తుంది. గర్భం వస్తే ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది, ఇరుకు కవాటం దాన్ని తట్టుకోలేదు. అంతమాత్రాన పెళ్లి మానుకోనక్కర లేదు. గర్భానికి ముందే ఎకో తీయించండి. అవసరమైతే బెలూన్‌తో కవాటాన్ని వెడల్పు చేస్తారు, చాలామందికి ఛాతీ కోయాల్సిన పనే ఉండదు.

ప్రశ్న: ఎండాకాలం ఉపాధి పనిలో గుండె దడదడలాడుతుంది. గంప ఎత్తి లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి. ఇది గుండెజబ్బా? బీపీ మాత్ర వేసుకుంటాను.
– కూలి మహిళ, రెడ్డిపల్లి

జవాబు: నిమిషానికి గుండె నెట్టే రక్తం ఎంతో తెలియాలంటే ఒక్కో స్పందనకు వచ్చేదాన్ని వేగంతో గుణించాలి. చెమటతో నీరు పోతే గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గి, ఒక్కో స్పందనకు వచ్చేది తగ్గుతుంది. దానికితోడు ఒంటిని చల్లార్చడానికి చర్మానికి రక్తం ఎక్కువ పంపాలి. లోటు పూడ్చడానికి గుండె వేగం పెంచుతుంది, అదే మీ దడ. వంగి లేచినప్పుడు రక్తం కాళ్లలోకి దిగి మెదడుకు క్షణంపాటు తక్కువైతే కళ్లు బైర్లు కమ్ముతాయి.

పొద్దున్నే పని మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా ముగించండి. దాహమయ్యే దాకా ఆగకుండా నీళ్లు, పలుచటి మజ్జిగ తాగుతూ ఉండండి. ఓఆర్‌ఎస్‌లో ఉప్పు ఉంటుంది, అది మీకు ఎంత పడుతుందో డాక్టరును అడగండి. బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి, ఎండాకాలం మోతాదు మార్చాల్సి రావచ్చు. సొంతంగా మాత్రం మానకండి. నీడన కూర్చున్నా దడ తగ్గకపోతే, నాడి గతి తప్పినట్టుంటే, స్పృహ తప్పితే ఈసీజీ తీయించాల్సిందే.

ప్రశ్న: నాకు 52. షుగరుంది, బీడీ అలవాటు. పొద్దున చెరువు కట్ట మీద నడుస్తుంటే నెల రోజులుగా సగం దూరానికే ఛాతీ నడుమ పట్టేస్తోంది. నిలబడితే రెండు మూడు నిమిషాల్లో పోతుంది. ఈసీజీ నార్మల్ అన్నారు. గ్యాస్ మాత్ర వేసుకుంటున్నా. నొప్పి ఎడమవైపు లేదు గదా, గుండెది కాదనుకోవచ్చా?
– కిరాణా అంగడి యజమాని, బుక్కరాయసముద్రం

జవాబు: అనుకోకూడదు. మీకు ఈ జవాబు పోస్టులో ముందే పంపాం. ఇలాంటివారు ఇంకా ఎందరో ఉంటారని ఇక్కడ వేస్తున్నాం.

గుండె ఉండేది ఛాతీ నడుమ రొమ్ము ఎముక వెనక, కొస మాత్రం ఎడమకు వాలి ఉంటుంది. దాని నొప్పి నడుమ పట్టేసినట్టు, బరువు పెట్టినట్టు వస్తుంది. దవడకు, భుజానికి, చేతికి, పై కడుపుకు పాకవచ్చు.

గదుల నిండా రక్తమున్నా గుండె కండరం దాన్ని నేరుగా వాడుకోలేదు. బృహద్ధమని మొదట్లో పుట్టే రెండు హృదయ ధమనులే దానికి ఆధారం. ఎడమ జఠరిక బిగుసుకున్నప్పుడు లోపలి నాళాలు నొక్కుకుపోతాయి కాబట్టి దానికి రక్తం ఎక్కువగా అందేది సడలినప్పుడే. నడిస్తే వేగం పెరుగుతుంది, సడలే వ్యవధి తగ్గుతుంది, అవసరం పెరుగుతుంది. తక్కిన అవయవాలు రక్తంలోని ఆక్సిజన్‌లో సగటున పావువంతు తీసుకుంటే గుండె ఊరకున్నప్పుడే 70 శాతానికి పైగా లాగేస్తుంది. ఇంకా కావాలంటే రక్తమే ఎక్కువ రావాలి. ధమని 70 శాతం పూడితే ఆ దారి లేదు. మీరు నిలబడగానే అవసరం తగ్గి నొప్పి పోతోంది. నిమ్మళంగా పడుకున్నప్పుడు తీసిన ఈసీజీ బాగుండటంలో వింత లేదు. గ్యాస్ నొప్పి నడిస్తే వచ్చి నిలబడితే పోయే లెక్కలో ఉండదు.

ఈ వారమే హృద్రోగ నిపుణుణ్ని కలవండి. అప్పటిదాకా కట్ట మీద నడక ఆపండి, బీడీ మాత్రం మళ్లీ ముట్టొద్దు. ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, అవసరమైతే యాంజియోగ్రామ్ చేస్తారు. కొందరికి మాత్రలు చాలు, కొందరికి స్టెంట్ వేయాలి. ఖర్చుకు జంకకండి. హైదరాబాదులో డాక్టర్ బి. సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి 1998లో చవకైన కలాం–రాజు స్టెంట్ తెచ్చారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు పరిమితి పెట్టింది. ఎన్టీఆర్ వైద్య సేవలోనూ ఈ చికిత్స ఉంది.

నొప్పి విశ్రాంతిలో వచ్చినా, నిలబడ్డాక పది నిమిషాలకు కూడా తగ్గకపోయినా, చెమటలు పట్టినా అది ధమని పూర్తిగా మూసుకుపోయిన గుర్తు కావచ్చు. షుగరున్నవారికి నొప్పి లేకుండా ఆయాసం, వాంతితోనే రావచ్చు. స్కూటరు మీద పోకండి, 108కు ఫోన్ చేయండి. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండు ఉన్నవారు కాకపోతే 300 మి.గ్రా. మాత్ర నమలమంటారు, ఫోన్లోనే అడగండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే అంత కండరం మిగులుతుంది. 12 గంటలు దాటితే దాని ఉపయోగం చాలా తగ్గుతుంది. అందుకే నొప్పి ఎన్నింటికి మొదలైందో కాగితం మీద రాయించి వెంట తీసుకుపోండి. ఆసుపత్రిలో మొదట అడిగేది అదే.