మొండి పుల్లీకి మర మందు

కారు ఇంజను క్రాంకుషాఫ్టు కొసన పుల్లీ తుప్పుపట్టి బిగుసుకుపోతే అందరికీ ముందు గుర్తొచ్చేది సుత్తి. దాన్ని పక్కన పెట్టమంటాను. దెబ్బకి పుల్లీ పగలొచ్చు, లోపలి బేరింగులూ చెడొచ్చు.

నడిమి బోల్టు విప్పి పుల్లర్ బిగించాలి. మనం ఫిజిక్సులో చదివిన మర సూత్రమే ఇది. 30 సెం.మీ. పానా ఒక చుట్టు తిరిగితే చెయ్యి సుమారు 188 సెం.మీ. పోతుంది, మర జరిగేది 1.5 మి.మీ. మాత్రమే. అంటే లెక్కకి బలం 1,250 రెట్లు! రాపిడి చాలావరకు మింగేసినా మిగిలింది చాలు.

కొక్కేలు అంచుకు తగిలించకూడదు. చాలా పుల్లీల్లో అంచుకీ నడిమి భాగానికీ మధ్య రబ్బరుంటుంది. లాగితే ఊడుతుంది, మంటపెడితే కాలుతుంది. కొంచెం బిగించి, ఆగి, మళ్లీ బిగించాలి. పుల్లీ ఒక్కసారిగా ఊడిరావచ్చు కనుక ముఖం ఎదురుగా పెట్టకండి. బలం కన్నా ఓర్పే పెద్ద పనిముట్టు.